మళ్ల వస్తదా?

2012లో ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్ గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. పగలు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, సాయంత్రం ఇంటర్వ్యూ ప్రశ్నల బట్టీ, రాత్రి మెస్‌లో భోజనం అయ్యాక పదింటి నుంచి నా సొంత చదువు. గేములు రాయడం నేర్చుకోవాలని ఇంటర్ రోజుల నుంచీ నాకు ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, కోర్సులో ఎవరికీ చెప్పలేదు. మంచం మీద మఠం వేసుకుని, ఒళ్ళో దిండు, దిండు మీద సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఒక రాత్రి స్క్రీన్ మీద తెల్లటి డబ్బా ఒకటి కదిలింది. పైథాన్ భాషలో, పైగేమ్ అనే లైబ్రరీతో రాశాను. నలభై లైన్లు కూడా ఉండవు. కుడి బాణం నొక్కితే డబ్బా కుడికి పోయింది. కానీ పోయిన దారంతా తెల్లటి చార మిగిలిపోయింది. చూడ్డానికి కదిలినట్టు లేదు, సాగినట్టు ఉంది. ఎక్కడ తప్పు చేశానా అని చూస్తుంటే పక్క మంచం మీద నుంచి వరంగల్ కుర్రాడు, నా రూమ్మేట్, తల ఎత్తాడు.

"ఏందిరా అది?"

"డబ్బా."

"ఏం జేస్తది?"

"కుడికి పోతుంది."

లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చార ఎందుకు పడుతోందో తెలియదని నేను చెప్పబోతే వినిపించుకోలేదు. బాణం నొక్కి పట్టుకున్నాడు. డబ్బా పోయి పోయి అంచు దాటి కనిపించకుండా పోయింది. కాసేపు చార మాత్రమే మిగిలిన స్క్రీన్ వైపు చూసి, "మళ్ల వస్తదా?" అన్నాడు.

రాదు. నేను అలా రాయలేదు. వాడు వెళ్ళి పడుకున్నాడు కానీ నాకు నిద్ర పట్టలేదు. కుడి అంచున పోయింది ఎడమ అంచున రావాలంటే ఏం చేయాలి? స్క్రీన్ వెడల్పు 640 చుక్కలు. డబ్బా ఉన్న చోటు 640 దాటితే దాన్ని మళ్ళీ 0 చేయాలి. అంతే కదా! రెండింటికి లేచి ఆ ఒక్క ముక్క రాశాను. పొద్దున్న పళ్ళు తోముకుంటున్నవాణ్ణి పిలిచి చూపించాను. బ్రష్షు నోట్లో పెట్టుకునే చూశాడు. "ఎడమకి?" అన్నాడు.

నాకు ఈ పని అబ్బింది ఆ రెండు ప్రశ్నల వల్లేనని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

తెల్ల చార సంగతి మూడో రోజుకు తేలింది. తెర మీద నిజంగా ఏదీ కదలదు. పలక మీద బొమ్మ వేసి, తుడిచి, రవ్వంత పక్కన మళ్ళీ వేయడమే. సెకనుకు 60 సార్లు ఆ పని జరిగితే కంటికి కదలికలా కనిపిస్తుంది. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటాం. ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపలే ఆడేవాళ్ళు ఏం నొక్కారో చూడాలి, లెక్కలు వేయాలి, పలక తుడవాలి, కొత్త బొమ్మ వేయాలి, మళ్ళీ మొదటికి రావాలి. ఇదే గేమ్ లూప్. ఎంత పెద్ద ఆటైనా దాని గుండె చప్పుడు ఇదే. నేను పలక తుడవడం మరిచిపోయాను. తుడిచే లైను చేర్చాక డబ్బా మొదటిసారి డబ్బాలా కదిలింది. ఒకటో తరగతిలో తడిగుడ్డతో పలక తుడిచి, ఆరేదాకా ఊపుకుంటూ నిలబడిన రోజులు గుర్తొచ్చాయి.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు వస్తారు. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి కూడా వస్తుంది. అందరూ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళే. ఏ గేమ్ ఇంజన్ మంచిది, ఏ భాష మంచిది అన్న ప్రశ్నలు మొదటి వారంలోనే అయిపోతాయి. ఆ తర్వాత అడిగేది ఒకటే. "మొదటి పదిహేను రోజులు ఊపుగా ఉంటుందన్నా. తర్వాత ల్యాప్‌టాప్ తెరవబుద్ధి కాదు." ఆ మాట అంటూ తలవంచుకుంటారు, అదేదో తమ బద్ధకం అన్నట్టు. నేను ఒప్పుకోను. నా పన్నెండేళ్ళలో ఎంతోమంది ఈ చదువు మధ్యలో వదిలేయడం చూశాను. వాళ్ళలో చాలామంది ఒంటరిగా గదిలో కూర్చుని వీడియోలు చూసినవాళ్ళు. తాను చేసింది ఎంత చిన్నదైనా ఇంకొకరి చేతికిచ్చి, వాళ్ళ నోటి నుంచి వచ్చిన ప్రశ్న పట్టుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు ఆ వారంలో వదిలేయడం మాత్రం నేను చూడలేదు.

ఇది నాకు తేలిగ్గా తెలిసిరాలేదు. డబ్బా తర్వాత ఏడు నెలలు పోగొట్టుకున్నాను.

నాది గుంటూరు వైపు. చిన్నప్పుడు విన్న పల్నాటి కథ నా మనసులో ఉండేది. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కోడిపందెం, చాపకూడు, బాలచంద్రుడు. వీటన్నిటితో పెద్ద గేమ్ చేయాలని రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఏ ఊళ్ళో ఏ వీధి, ఏ వీరుడికి ఏ కత్తి, ఏ కోడికి ఎంత బలం అన్నీ రాశాను. రంగు పెన్సిళ్ళతో పటాలు గీశాను. ల్యాప్‌టాప్‌లో చేసినవి మాత్రం కత్తులు ఎంచుకునే మెనూ, నడవడానికి వచ్చి మెట్లు దిగడానికి రాని ఒక మనిషి. రోజూ ఆ నోట్‌బుక్‌కూ ఈ మనిషికీ మధ్య ఉన్న దూరం చూసేవాణ్ణి. ఒక్కో రోజూ పని చేసిన తర్వాత ఆ దూరం తగ్గినట్టు కాకుండా పెరిగినట్టే అనిపించేది. కొత్తవాళ్ళ మనసును తినేసేది ఈ దూరమే. ఇంతకన్నా పెద్ద శత్రువు నాకు తెలియదు.

ఆ నోట్‌బుక్ పట్టుకునే ఒక గేమ్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఎదుట కూర్చున్నాయన పేజీలు తిరగేశారు. పటాలు బాగున్నాయన్నారు. "ఆడటానికి ఏముంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మాటలో ఎగతాళి లేదు, నిజంగానే ఆడాలనుకుని అడిగారు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది. తిరిగి వస్తూ బస్సులో నిర్ణయించుకున్నాను, పూర్తిగా చేయగలిగిందే చేయాలని. అలా పాము ఆటకి వచ్చాను.

1997లో నోకియా 6110 ఫోన్‌తో వచ్చిన పాము ఆట అది. టనేలి అర్మాంటో అనే ఇంజనీరు రాశారు. మా తరంలో చాలామంది తెలుగు పిల్లలకు నాన్న ఫోన్‌లో దొరికిన మొదటి ఆట. బస్టాండులో, పెళ్ళిపందిట్లో, ఆసుపత్రి బెంచీ మీద ఆడాం. ఆడేటప్పుడు ఎన్నడూ ఆలోచించని సంగతి రాసేటప్పుడు ఎదురైంది. పాము ఒళ్ళంతా కదలాలి కదా, ఇరవై గళ్ళ పామైతే ఇరవై గళ్ళనూ ఎలా జరపాలి? మూలల దగ్గర ఏది ఎటు తిరగాలి? రెండు రాత్రులు గళ్ళ కాగితం మీద గీస్తూ కూర్చున్నాను. మూడో రాత్రి తట్టింది. ఏదీ జరపక్కర్లేదు. తలవైపు కొత్త గడి ఒకటి చేర్చి, తోకవైపు గడి ఒకటి తీసేస్తే చాలు. మధ్యలో ఉన్నవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, చూసేవాళ్ళకు పాము పాకినట్టే ఉంటుంది. మేత తిన్న అడుగులో తోక తీయకుండా వదిలేస్తే పాము ఒక గడి పెరుగుతుంది.

గదిలో ఇద్దరూ నిద్రపోతున్నారు. చెప్పడానికి ఎవరూ లేరు. వరండాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. ఆ ఆనందం గురించి ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆట ఆడి గెలిచిన ఆనందం వేరు. ఆట లోపల దాక్కున్న ఉపాయం మన చేతికి దొరికినప్పటి ఆనందం వేరు.

వేసవిలో ఇంటికి వెళ్ళినప్పుడు అక్క వాళ్ళబ్బాయికి ఆ పాము చూపించాను. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. అరగంట ఆడి, "మామయ్యా, ఊరకే చచ్చిపోతోంది" అన్నాడు.

"దేనికో తగిలి ఉంటుందిలేరా."

"తగల్లేదు మామయ్యా, ఒట్టు."

నేను ఇరవైసార్లు ఆడాను. ఒక్కసారీ ఊరకే చావలేదు. వాడు ఆడితే మూడు ఆటలకోసారి చచ్చిపోయేది. కోడ్ మొదటి నుంచి చివరిదాకా చదివాను, తప్పు కనిపించలేదు. ఆ రోజు రాత్రి నాలో ఏవేవో అనుమానాలు లేచాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, లెక్కల్లో అంతంతమాత్రం, ఈ పని నాకు తగదేమో అనిపించింది. కొత్తవాళ్ళు ఎక్కువగా వదిలేసేది ఇక్కడే, దొరకని బగ్ దగ్గర. బగ్ యంత్రంలో ఉన్నా, తమలోనే ఏదో లోపం ఉందని అనుకుంటారు.

మూడో రోజు ఫోన్‌తో వాడి వేళ్ళను వీడియో తీశాను. నెమ్మదిగా తిప్పి చూస్తే కనిపించింది. పాము కుడికి పోతుండగా వాడు పై బాణం, ఎడమ బాణం దాదాపు ఒకేసారి టకటకా నొక్కుతున్నాడు. నా పాము 150 మిల్లీసెకన్లకు ఒక అడుగు వేస్తుంది. రెండు అడుగుల మధ్య వాడి వేళ్ళు రెండు మీటలు నొక్కేస్తున్నాయి. కుడికి పోతున్న పాము ఒక్కసారిగా ఎడమకు తిరగకూడదని నేను నియమం పెట్టాను. కానీ పై బాణం నొక్కగానే "ఇప్పుడు దిశ పైకి" అని రాసేసుకుంటున్నాను, పాము ఇంకా అడుగు వేయకుండానే. ఆ వెంటనే వచ్చిన ఎడమ బాణాన్ని నా నియమం ఆపలేదు, పైకి పోయేది ఎడమకు తిరగొచ్చు కదా. అడుగు పడేసరికి పాము వెనక్కి తిరిగి తన మెడనే కరుచుకుంటోంది. నేను నెమ్మదిగా నొక్కుతాను కాబట్టి నాకెప్పుడూ జరగలేదు.

నొక్కిన మీటలను వరసలో నిలబెట్టి, ఒక్కో అడుగుకు ఒక్కోదాన్నే తీసుకునేలా మార్చాను. రేషన్ షాపు ముందు నిలబడినట్టే. ప్రోగ్రామింగ్‌లోనూ దాని పేరు క్యూయే. వాడు అరగంట ఆడాడు, ఊరకే చావలేదు. "చెప్పానా" అన్నాడు నా వైపు చూడకుండానే.

అప్పటి నుంచి రెండు అలవాట్లు పట్టుబడ్డాయి. ఆడినవాళ్ళు జరిగిందన్నది జరిగే ఉంటుందని నమ్ముతాను, నా దగ్గర జరగకపోయినా సరే. రెండోది, బగ్ వెంట పడినప్పుడు ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుంటాను. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. ఈ మూడే రాస్తాను. బగ్ దొరకని రోజున కూడా ఒక పేజీ నిండుతుంది. ఫలానా చోట లేదని తేలడం కూడా పనే. ఆ పేజీ చూసుకుని పడుకుంటే పొద్దున్న లేవడానికి ఒక కారణం ఉంటుంది.

వీడియో పాఠాల గురించి ఒక్కమాట. అవి చూడొద్దని నేను చెప్పను, నేనూ వాటితోనే నేర్చుకున్నాను. కానీ చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ ఫైలు తెరిస్తే చెయ్యి కదలదు. అందుకే పాఠం అయ్యాక దాన్ని మూసేసి, చేసిందంతా గుర్తున్నంతలో మళ్ళీ రాయమంటాను. రాశాక ఆటలో ఒక నియమం మార్చమంటాను. పాము గోడకు తగిలితే చావకుండా తోక పోగొట్టుకుంటే ఎలా ఉంటుంది? మేత కదులుతుంటే? ఆ మార్పుతో ఆట మీదవుతుంది. బ్యాంకు అమ్మాయి పాము ఆటలో మేత బదులు పాములే రెండు పెట్టి, ఒకే మీటలతో రెండూ కదిలేలా చేసింది. రెంటినీ బతికించడం చాలా కష్టం. మా ఆఫీసులో పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు లంచ్ మానేసి ఆడారు.

ఆ అమ్మాయికే మొదట్లో ఇంకో కష్టం ఉండేది. బ్యాంకు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరి, వంట అయ్యేసరికి మిగిలేది ముప్పావుగంట. ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తు తెచ్చుకునేసరికే సగం అయిపోయేది. నేను వాడే కిటుకు ఒకటి చెప్పాను. రాత్రి ఆపేటప్పుడు పని మొత్తం పూర్తి చేసి ఆపకూడదు. చేయడం తెలిసిన చిన్న ముక్క ఒకటి కావాలనే మిగిల్చి, ఫైలు మొదట్లో తెలుగులో రాసి పెట్టాలి. "రేపు: గోడకు తగిలితే చప్పుడు." రేపు ల్యాప్‌టాప్ తెరవగానే ఆలోచించక్కర్లేదు, ఐదు నిమిషాల్లో ఆ చప్పుడు వినిపిస్తుంది. తోడుకు మజ్జిగ మిగల్చకపోతే రేపు పెరుగు ఉండదు కదా.

2013 చివర్లో మాదాపూర్‌లో ఒక చిన్న స్టూడియోలో ఉద్యోగం దొరికింది. ఇంటర్వ్యూలో పాము చూపించాను. ఆడారు. ఆడి, మధ్యలో ఆపి, మీటల క్యూ గురించి అడిగారు.

చేరిన మొదటి వారం మా టీమ్ లీడ్ మేడమ్ నాకు ఒకటే పని ఇచ్చారు. మొబైల్‌లో పరుగెత్తే బొమ్మ ఒకటి ఉంది, దాని గెంతు బాగా రావాలి. వారమంతా అదే. ఒక గెంతుకు వారమా అనుకున్నాను. రెండు రోజుల్లో లెక్క ప్రకారం సరిగ్గా చేశాను. పైకి విసిరిన రాయి ఎలా పోయి ఎలా పడుతుందో అలాగే. ఆవిడ ఆడి, "లెక్క సరిగ్గానే ఉంది, బరువు లేదు" అన్నారు. పడేటప్పుడు భూమి లాగుడు ఎక్కువ చేయమన్నారు. నిజం కాదు కదా మేడమ్ అన్నాను. "వేలికి నిజం అనిపించాలి" అన్నారు. పెంచి చూశాను. బొమ్మకు ఒళ్ళు వచ్చింది.

తర్వాత చెప్పింది ఇంకా విచిత్రం. ఆడేవాళ్ళు గట్టు అంచున గెంతు నొక్కి, లోయలో పడిపోయి, "నేను నొక్కాను" అని కోప్పడతారు. లాగ్ తీసి చూస్తే గట్టు దాటాక నొక్కి ఉంటారు, ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యంగా. లెక్క ప్రకారం తప్పు వాళ్ళదే. అయినా గట్టు దాటిన తర్వాత ఆరు ఫ్రేముల దాకా, అంటే సెకనులో పదో వంతు, గెంతు ఒప్పుకోవాలన్నారు. ఈ వెసులుబాటుకు మా వృత్తిలో కయోటీ టైమ్ అని పేరు. కార్టూన్లో నక్కలాంటి ఆ జంతువు కొండ అంచు దాటి పరుగెత్తి, గాల్లో ఒక్క క్షణం నిలబడుతుంది, దాని పేరే. ఆ ఆరు ఫ్రేములు పెట్టాక ఎవరూ పట్టుకోలేకపోయారు. అందరూ అన్నది, ఇప్పుడు గేమ్ చెప్పిన మాట వింటోందని. ఆటగాడి పట్ల దయ కూడా కోడ్‌లో రాయొచ్చని నాకప్పుడు తెలిసింది. ఈ ఉద్యోగం మీద నాకు గౌరవం పుట్టింది ఆ వారంలోనే.

బొమ్మలు గీయడం రాదని ఆగిపోయేవాళ్ళకు టెట్రిస్ గురించి చెబుతాను. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని చేసిన ఎలక్ట్రోనికా 60 కంప్యూటర్‌కు బొమ్మలు చూపించే శక్తే లేదు. అక్షరాల మధ్య వాడే బ్రాకెట్లతో ఇటుకలు పేర్చారు. చిన్నది చేయడం చిన్నతనమనుకునేవాళ్ళకు పాంగ్ గురించి చెబుతాను. 1972లో అటారీ గేమ్ కంపెనీలో కొత్తగా చేరిన అలన్ ఆల్కార్న్‌కు చెయ్యి తిరగడానికని నోలన్ బుష్‌నెల్ ఇచ్చిన అభ్యాసం అది. ఒక బంతి, రెండు కర్రలు.

ఎరిక్ బరోన్ పేరు మాత్రం వాళ్ళే నాకు చెబుతారు. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీని ఆయన ఒక్కడే నాలుగున్నరేళ్ళు కూర్చుని చేశాడు, బొమ్మలు, పాటలు, మాటలు, ప్రోగ్రామ్ అన్నీ తనే. గొప్ప పని, నాకు ఎంతో ఇష్టమైన ఆట. కానీ ఆ నాలుగున్నరేళ్ళ లెక్కను నెత్తిన పెట్టుకుని మొదలుపెట్టిన పిల్లలు ఆరో వారానికి కుంగిపోవడం చూశాను. ఆయన చేతిలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఉంది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకక, ప్రోగ్రామింగ్‌లో చెయ్యి తిరగాలని మొదలుపెట్టిన పని అది. మధ్యలో ఖర్చుల కోసం సియాటిల్‌లో ఒక థియేటర్‌లో జనానికి సీట్లు చూపించే ఉద్యోగమూ చేశాడు. కథలో ఈ భాగాన్ని కూడా చదవమంటాను.

ఆదివారాలు వచ్చేవాళ్ళలో సూర్యాపేట నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న కుర్రాడు ఒక అంతరిక్షం ఆట చేశాడు. మూడు నెలలు కష్టపడి, కాలేజీలో చూపించడానికి తీసుకెళ్ళాడు. అక్కడి గేమింగ్ మానిటర్ మీద పెట్టగానే ఆట పిచ్చిపట్టినట్టు పరుగెత్తింది, చూసేలోపే అయిపోయింది. ఆదివారం వచ్చి ఒక మూల కూర్చున్నాడు. వాడి ల్యాప్‌టాప్ సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది, ఆ మానిటర్ 144. వాడు "ఫ్రేముకు ఇంత దూరం" అని రాశాడు కాబట్టి అక్కడ ఆట 2.4 రెట్లు వేగంగా నడిచింది. "సెకనుకు ఇంత దూరం" అని రాసి, ఫ్రేముకు ఎంతసేపు పట్టిందో దాంతో గుణించుకోవాలి. గంటలో సరిచేశాం.

అయినా వాడి మొహం తేరుకోలేదు, అందరి ముందూ జరిగింది కదా. అప్పుడు 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ గురించి చెప్పాను. టొమొహిరో నిషికాడో చేసిన ఆ ఆటలో గ్రహాంతర జీవులు వరసలు కట్టి దిగుతుంటాయి. మనం కాల్చేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి, చివరిది ఉరుకులు పెడుతుంది. ఆ రోజుల యంత్రానికి అన్నిటినీ గీయడానికి సమయం పట్టేది, తగ్గేకొద్దీ పని తేలికై అవి తొందరగా కదిలేవి. మూలంలో వాడికి ఎదురైన చిక్కే అది, ఆట వేగం యంత్రం వేగానికి కట్టుబడి ఉండటం. నిషికాడో దాన్ని తీసేయకుండా ఉంచారు. ఆడేవాళ్ళ గుండె కొట్టుకునేది అక్కడే. కుర్రాడు కాసేపు ఆలోచించి, "అయితే అన్నా, నా గేమ్‌లో చివరి శత్రువు ఒక్కటే మిగిలినప్పుడు వేగం పెంచితే?" అన్నాడు. నేనేమీ అనలేదు, వాడప్పటికే ల్యాప్‌టాప్ తెరిచేశాడు.

మొదటి రెండు మూడు చిన్న ఆటలు పూర్తయ్యాక గేమ్ జామ్‌కు వెళ్ళమంటాను. కొద్ది రోజుల్లోనే ఒక ఆట తయారుచేసే జాతర అది. 2002లో మొదలైన లూడమ్ డేర్, 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ ఇవాళ ప్రపంచమంతటికీ తెలుసు. గడువు దగ్గరుంటే పెద్ద కలలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. 2016లో ఒక కాలేజీలో జరిగిన 48 గంటల జామ్‌కు వెళ్ళి చేదబావి ఆట ఒకటి చేశాను. ఒకే మీట. నొక్కితే తాడు పైకి లాగినట్టు, వదిలితే ఆగినట్టు. జోరుగా లాగితే చేద ఊగుతుంది, ఒరలకు తగిలి నీళ్ళు ఒలుకుతాయి. నిండు చేదను గట్టుకు చేర్చాలి. రెండో రాత్రి మూడింటికి కాలేజీ బాత్‌రూమ్‌లో బక్కెట్లో స్టీలు చెంబు ముంచి ఫోన్‌లో చప్పుడు రికార్డ్ చేశాను. ఆ బుడబుడ చప్పుడు చేర్చగానే నల్లటి గీతల బొమ్మ కాస్తా బావి అయింది. పక్క టీమ్ పిల్లలు లేచి వచ్చి చూశారు.

బాధపెట్టింది ఒక్కటే. "మళ్ళీ తోడు" అని తెర మీద రాస్తే ఆ రోజు నేను వాడిన ఇంజన్ వత్తును కింద పెట్టలేదు. ళ పక్కన పొల్లు, ఆ పక్కన ఇంకో ళీ పడ్డాయి. "నీళ్ళు" అన్న మాటా అంతే. చిన్నప్పటి నుంచి చదువుకున్న అక్షరాలు నా ఆటలోనే విరిగి పడి ఉంటే ఓర్చుకోలేకపోయాను. ఆ రెండు మాటలనూ బొమ్మలుగా గీసి అతికించాను. 2023లో గోడో 4 ఇంజన్ వచ్చినప్పుడు, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ దాని లోపలే ఉందని తెలిసి, అన్నిటికన్నా ముందు ఈ రెండు మాటలే టైప్ చేసి చూశాను. వత్తులు వాటి చోట నిలిచాయి. ఇప్పుడు మొదలుపెట్టే పిల్లలకు మొదటి రోజునే తమ పేరు తమ లిపిలో తెర మీద సరిగ్గా కనబడుతుంది. ఇది చిన్న సంగతని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

జామ్ అయిన నెలకు ఊరు వెళ్ళాను. మా పెరట్లో బావి ఉంది. బోరు వేయించాక దాని మీద ఇనుప వల పరిచాం. అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఆ బావి నీళ్ళు అమ్మే తోడింది. ఫోన్ అమ్మ చేతికిచ్చి, వేలు ఎక్కడ పెట్టాలో చూపించాను. నేను చేసేది ఏమిటో ఆవిడకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. కంప్యూటర్ ఉద్యోగం అని అందరికీ చెప్పుకునేది.

జామ్‌లో ముప్పైమంది దాకా ఆ ఆట ఆడారు. అందరూ మీటను నొక్కి పట్టుకున్నారు, నీళ్ళు ఒలకబోసుకున్నారు, నాలుగైదు ప్రయత్నాలకు గానీ పట్టు దొరకలేదు. అమ్మ మొదటిసారే ఆగి ఆగి నొక్కింది. ఒక లాగు, ఒక్క క్షణం, ఇంకో లాగు. చేద ఒరలకు తగలకుండా పైకి వచ్చింది. చుక్క ఒలకలేదు. నేను ఆ ఊపు లెక్క రాసేటప్పుడు అలా లాగొచ్చని కూడా అనుకోలేదు.

"ఎట్లా తెలిసిందమ్మా?"

"ఇందులో తెలిసేదేముందిరా. ఒక్కసారే లాగితే చేద కొట్టుకోదూ?" అని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "గిలక చప్పుడు ఏది?"

పెట్టలేదన్నాను.

"గిలక కిర్రుమనకపోతే తాడు ఎంత వచ్చిందో ఎట్లా తెలుస్తుంది? బావిలోకి వంగి చూస్తూ ఎవరన్నా తోడతారా?"

పాత గిలక ఇంకా పశువుల కొట్టంలో అటక మీద ఉందని ఆవిడే చెప్పింది. నిచ్చెన వేసి దింపాను. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూనె కోసం వంటింట్లోకి వెళ్ళబోతే ఆపింది.

"నూనె వేయకు. వేస్తే చప్పుడు పోతుంది."

కొట్టం దూలానికి దాన్ని వేలాడదీశాం. దండెం తాడు ఒకటి తెచ్చి అమ్మ గిలక మీదుగా వేసి లాగడం మొదలుపెట్టింది. నేను ఫోన్ దగ్గరగా పెట్టి రికార్డ్ నొక్కాను.